ప్రాజెక్టును కొత్త చోటికి మార్చాలని నేను, వద్దని అన్న

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెల్లడించవద్దని కోరారు కనుక, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసివేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

2017లో ఆమె, కాలేజీలో తనకన్నా రెండేళ్ళు సీనియర్ అయిన ఒక మిత్రుడు కలిసి తెలుగు అక్షరదోషాలను పట్టుకునే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో మూడు రిపాజిటరీలు (ఫైళ్ళను వాటి మార్పుల చరిత్రతో సహా దాచే చోట్లు) ఉన్నాయి: హన్‌స్పెల్ అనే అక్షరదోష పరిశీలన సాఫ్ట్‌వేర్ పద్ధతిలో కూర్చిన పదజాబితా, దాన్ని వాడుకునే పైథాన్ లైబ్రరీ, ఆండ్రాయిడ్ ఫోన్లకు కీబోర్డు యాప్. మూడూ ఒక పెద్ద కంపెనీ నడిపే సేవలో ఉన్నాయి. ఇన్నేళ్ళలో అక్కడ 1,400కు పైగా ఇష్యూలు (తప్పులను, సూచనలను తెలిపే ఫిర్యాదులు) పోగయ్యాయి. వాటిని తెరిచిన వారిలో చాలామంది ప్రోగ్రామర్లు కారు. పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టార్లు, పత్రికల్లో ప్రూఫులు దిద్దేవారు. ఫలానా మాట జాబితాలో లేదని, ఫలానా సంధిరూపాన్ని తప్పుగా చూపిస్తోందని వారు రాస్తారు. దానిపై చర్చ జరిగాక జాబితా మారుతుంది.

తమ పనంతా ఒకే కంపెనీ చేతిలో ఉండటం, రాసిన కోడ్‌ను తమను అడగకుండానే కృత్రిమ మేధ శిక్షణకు వాడుకోవడం ఆమెకు నచ్చలేదు. జర్మనీలో లాభాపేక్ష లేని సంఘం నడిపే అలాంటి సేవే అయిన కోడ్‌బర్గ్‌కు మారుదామని ప్రాజెక్టు బృందంలో ప్రతిపాదించారు. ఆ సీనియర్‌ను ఆమె నేటికీ "అన్నా" అనే పిలుస్తారు. ఆయన ఇప్పుడు అమెరికాలో ఉంటారు, రెండేళ్ళుగా కోడ్ రాయడం తగ్గించారు, అయితే మూడు రిపాజిటరీలూ ఉన్న సంస్థ ఖాతాకు యజమాని ఆయన ఒక్కరే. ఆయన ఇచ్చిన జవాబు ఇది: "పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకు? నీ సిద్ధాంతం కోసం మాస్టార్లను ఇబ్బంది పెడతావా?" ఆ మాటకు నొచ్చుకున్న ఆమె అదే రాత్రి పదజాబితాను కోడ్‌బర్గ్‌కు నకలు చేసి, ఇకపై మార్పులు ఇక్కడికే పంపండని ప్రకటించారు. ఇద్దరు విద్యార్థులు అక్కడికి పంపుతున్నారు, మిగిలినవారు పాతచోటనే ఉన్నారు. అన్న మూడు వారాలుగా మాట్లాడటం లేదు.

ఆమె అడిగినవి మూడు. మారాలనుకోవడం తప్పా? ఏమీ పోగొట్టుకోకుండా మారడం ఎలా? అన్న ఒప్పుకోకపోతే ఒంటరిగా ముందుకు వెళ్ళవచ్చా?

మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను గాని, అంతకంటే ముందు ఈ వారంలోనే చేయవలసిన పని ఒకటి ఉంది. ప్రస్తుతం మీ పదజాబితా రెండు చోట్ల వేర్వేరుగా పెరుగుతోంది, రోజులు గడిచేకొద్దీ వాటిని కలపడం కష్టమవుతుంది. మామూలు కోడ్‌కన్నా హన్‌స్పెల్ జాబితాకు ఈ ప్రమాదం ఎక్కువ. పదాల ఫైలు మొదటి వరుసలో పదాల సంఖ్య ఉంటుంది కనుక, రెండు చోట్లా పదాలు చేరితే ఆ వరుస దగ్గరే మొదటి ఘర్షణ వస్తుంది. అది కంటికి కనిపిస్తుంది కాబట్టి సరిదిద్దుకోవచ్చు. నాకు భయం కలిగించేది కనిపించని ఘర్షణ. ప్రతి పదం పక్కన ఉండే గుర్తులు ఏ ప్రత్యయాలను సూచిస్తాయో వేరే ఫైలులో రాసి ఉంటుంది కదా. కొత్తచోట ఎవరైనా ఒక గుర్తుకు అర్థం మార్చి, పాతచోట మరొకరు అదే గుర్తుతో కొత్త పదాలు చేరిస్తే, గిట్ (ఫైళ్ళలో జరిగే ప్రతి మార్పునూ నమోదు చేసే సాధనం) ఏ అభ్యంతరమూ చెప్పకుండా రెండింటినీ కలిపేస్తుంది. అప్పుడు పుట్టే తప్పుడు విభక్తి రూపాలను ఏ మాస్టారో చూసి చెప్పేవరకు మీకెవరికీ తెలియదు.

అందువల్ల ఆ ఇద్దరు విద్యార్థుల కమిట్లను (నమోదైన మార్పులను), వారి పేర్లు చెక్కుచెదరకుండా, పాత రిపాజిటరీలోకి పుల్ రిక్వెస్ట్‌గా, అంటే చేర్చుకోమనే అభ్యర్థనగా, తీసుకురండి. గిట్ రచయిత పేరును కమిట్‌లోనే భద్రపరుస్తుంది కనుక వారి శ్రమకు గుర్తింపు పోదు. కోడ్‌బర్గ్‌లోని నకలును ప్రస్తుతానికి మిర్రర్‌గా, అంటే పాతదానికి అచ్చమైన ప్రతిగా ఉంచి, మార్పులు ఇక్కడ స్వీకరించడం లేదని దాని మొదటి పేజీలో రాయండి. దీన్ని ఓటమిగా భావించకండి. మీ ప్రతిపాదన అలాగే ఉంటుంది, దాని గురించి ప్రశాంతంగా మాట్లాడుకోవడానికి మాత్రమే చోటు దొరుకుతుంది. అన్నకు కూడా ముందుగా తెలియవలసింది ఈ సంగతే.

ఇక మొదటి ప్రశ్న. మారాలనుకోవడం తప్పు కాదు. పనిచేస్తున్నదాన్ని కదపకూడదనే వాదన, ఆతిథ్యమిచ్చే చోటు ఎప్పటికీ ఉంటుందని అనుకున్నప్పుడే నిలుస్తుంది. గడచిన ఇరవై ఏళ్ళ అనుభవం అలా లేదు. 2006లో మొదలైన గూగుల్ కోడ్ మూసివేత ప్రకటన 2015 మార్చిలో వచ్చింది, 2016 జనవరికి అది మూతపడింది. గిటోరియస్ 2015లోనూ, మైక్రోసాఫ్ట్ నడిపిన కోడ్‌ప్లెక్స్ 2017లోనూ మూతపడ్డాయి. బిట్‌బకెట్ మూతపడలేదు గాని 2020లో మెర్క్యురియల్ రిపాజిటరీలకు (గిట్ లాంటి మరో సాధనంతో నడిచేవి) తావు లేకుండా చేసింది. చోటు అలాగే ఉండి చేతులు మారడం మరో రకం: 2018లో కోడ్ దాచే సేవ అయిన గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. మరుసటి ఏడాది గిట్‌హబ్ అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియాలలోని వాడుకరుల ఖాతాలపై పరిమితులు విధించింది. 2014 డిసెంబరులో మన దేశంలోనే 32 సైట్లను నిలిపివేయాలన్న ప్రభుత్వ ఆదేశంలో గిట్‌హబ్ కూడా ఉండటంతో, ఇక్కడి ప్రోగ్రామర్లు కొద్దిరోజులు అవస్థ పడ్డారు. కనుక మీ ఆందోళనను అన్న "సిద్ధాంతం" అని పక్కన పెట్టడం న్యాయం కాదు.

అయితే ఆయన మాటలోని రెండో సగాన్ని మీరు కూడా పక్కన పెట్టారు. మాస్టార్ల సంగతి ఆయన ఎత్తింది మిమ్మల్ని దెబ్బకొట్టడానికే అయినా, మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన భాగాన్నే ఆయన ప్రస్తావించారు. అది ఎందుకో చెప్పాలంటే, తరలింపులో ఏది సులభంగా కదులుతుందో, ఏది కదలదో చూడాలి.

గిట్ రిపాజిటరీ స్వభావం వల్ల మీ కంప్యూటర్లో ఉన్న పూర్తి నకలులో 2017 నుంచి నేటివరకు జరిగిన కమిట్లన్నీ ఉన్నాయి. మిర్రర్ ఎంపికతో నకలు తీస్తే బ్రాంచీలు (సమాంతరంగా సాగే పని శాఖలు), ట్యాగులు (విడుదలల వంటి వాటికి పెట్టిన గుర్తులు) కూడా వస్తాయి, వాటిని కొత్తచోటికి పంపితే కమిట్ల గుర్తింపు సంఖ్యలు ఒక్క అక్షరం మారకుండా అలాగే ఉంటాయి. కోడ్ వరకు ఇది ఒక పూట పని, ఆ రాత్రి మీరు చేసింది కూడా ఇదే. పుల్ రిక్వెస్టుల కోసం పాత సేవ లోపల దాచుకున్న ప్రత్యేక సూచికలు కూడా మిర్రర్‌లో వస్తాయి, వాటిని కొత్త సేవ తిరస్కరించవచ్చు. ఆ ఎర్రని సందేశాలు చూసి కంగారు పడకుండా, బ్రాంచీలు, ట్యాగులు మాత్రమే పంపితే సరిపోతుంది.

గిట్‌లో లేనివి ఇష్యూలు, వాటి కింది చర్చలు, పుల్ రిక్వెస్టులపై వ్యాఖ్యలు, విడుదలలకు జోడించిన ఫైళ్ళు. వికీ ఉంటే అది చాలా సేవల్లో విడిగా మరో రిపాజిటరీ. పెద్ద ఫైళ్ళను వాటికోసం విడిగా ఉన్న ఎల్‌ఎఫ్‌ఎస్ ఏర్పాటులో పెట్టి ఉంటే మామూలు నకలులో వాటి గుర్తులు తప్ప అసలు ఫైళ్ళు రావు, వాటిని ప్రత్యేకంగా తెచ్చుకుని ప్రత్యేకంగా పంపాలి. నేను పాలుపంచుకున్న ఒక తరలింపులో విడుదలలకు జోడించిన ఫైళ్ళ సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. పాత ఖాతాను తొలగించిన నెల తరువాత, మొదటి మూడు వెర్షన్ల ఇన్‌స్టాలర్లు ప్రపంచంలో ఎక్కడా లేవని తెలిసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

మీ 1,400 ఇష్యూలలో ఉన్నది ఏమిటి? ఉత్తరంలో మీరు ఇచ్చిన ఉదాహరణ చూడండి: ఒక క్రియారూపాన్ని జాబితాలో చేర్చాలా వద్దా అన్నదానిపై గుంటూరు మాస్టారు ఒకరు, కరీంనగర్ మాస్టారు ఒకరు పదకొండు రోజులు వాదించుకుని, చివరకు రెండు ప్రాంతాల వాడుకనూ అంగీకరించారు. జాబితాలో దాని ఫలితం రెండు వరుసలు. ఆ రెండు వరుసలు ఎందుకు ఉన్నాయో తెలిపే చర్చ ఇష్యూలో తప్ప ఇంకెక్కడా లేదు. రేపు కొత్తగా వచ్చిన విద్యార్థి ఎవరైనా వాటిలో ఒకటి తప్పని తీసివేయకుండా ఆపేది ఆ చర్చే. కాబట్టి మీరు ఏ మార్గం ఎంచుకున్నా దాన్ని తూచవలసింది ఒక్క ప్రశ్నతో: ఈ చర్చలు ఏమవుతాయి, వీటిని రాసినవారు రేపు కూడా రాయగలుగుతారా?

ఆ దృష్టితో చూస్తే మీ ముందున్న మార్గాలు ఇవి.

కదలకుండా ఉండటం మొదటిది. పాతచోటనే పని కొనసాగిస్తూ, కోడ్‌బర్గ్‌లో మిర్రర్ ఉంచి, ఇష్యూలను నెలకొకసారి ఏపీఐ (ప్రోగ్రాములు సమాచారం అడిగి తీసుకునే మార్గం) ద్వారా దించుకుని భద్రపరచుకోవచ్చు. ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ 2016లో ప్రారంభించిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ భాండాగారంలో మీ కోడ్ చేరిందో లేదో చూసి, చేరకపోతే చేర్చమని కోరవచ్చు. అయితే అది ఇష్యూలను దాచదు. ఈ మార్గంలో మాస్టార్లకు ఇబ్బంది లేదు, సేవ మూతపడితే చేతిలో అన్నీ ఉంటాయి. కృత్రిమ మేధ శిక్షణ గురించి మీకున్న అభ్యంతరం మాత్రం తీరదు. నిజానికి అది మారినా పూర్తిగా తీరదు, ఎందుకంటే అందరికీ కనిపించే కోడ్‌ను ఎక్కడ ఉంచినా యంత్రాలు చదవగలవు. మారడం వల్ల మీరు చేయగలిగేది, మీ శ్రమతో ఆ సేవకు బలం చేకూర్చడం ఆపడం. అది చిన్న విషయం కాదు, కానీ అన్నతో మాట్లాడేటప్పుడు అంతకు మించి చెప్పకండి.

కోడ్‌నూ కొత్త పనినీ కోడ్‌బర్గ్‌కు మార్చి, పాత ఇష్యూలను పాతచోటనే చదువుకోవడానికి వదిలివేయడం రెండోది. 2025 నవంబరులో జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టు గిట్‌హబ్ నుంచి కోడ్‌బర్గ్‌కు మారినప్పుడు ఈ పద్ధతినే అనుసరించింది. పాత సంఖ్యలతో కలగాపులగం కాకుండా కొత్తచోట ఇష్యూలను 30,000 నుంచి మొదలుపెట్టింది. ఈ జాగ్రత్త మీకు చాలా అవసరం. మీ కమిట్ సందేశాల్లో "ఇష్యూ 412 చూడండి" వంటి మాటలు వందల సంఖ్యలో ఉంటాయి. కొత్తచోట 412 మరో విషయమైతే, ఆ సూచన చదువరిని తప్పుదారి పట్టిస్తుంది. పాత సందేశాలను దిద్దబోతే ఆ తరువాతి కమిట్ల గుర్తింపు సంఖ్యలన్నీ మారిపోతాయి కనుక అది చేయదగిన పని కాదు. ఈ మార్గంలో లోపం ఒకటే: పాత చర్చలు మీకు నచ్చని కంపెనీ దగ్గరే ఉంటాయి, ఆ లింకుల ఆయుష్షు వారి చేతిలో ఉంటుంది. విడిగా నకలు దించుకుని ఉంచితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

మూడోది అన్నిటినీ తీసుకువెళ్ళడం. కోడ్‌బర్గ్ నడిచేది ఫోర్జెయో అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద. అందులోని దిగుమతి సాధనం ఇష్యూలను, లేబుళ్ళను, పుల్ రిక్వెస్టులను, విడుదలలను కూడా తెస్తుంది. ఏపీఐకి గంటకు ఇన్ని అభ్యర్థనలే అనే పరిమితి ఉండటం వల్ల 1,400 ఇష్యూలకు సమయం పట్టవచ్చు, మధ్యలో ఆగితే ఖాళీ రిపాజిటరీలోకి మళ్ళీ మొదటినుంచి చేయవలసి రావచ్చు. అంతకన్నా ముఖ్యమైన విషయం: దిగుమతి అయిన వ్యాఖ్యల పక్కన మాస్టార్ల పేర్లు కనిపిస్తాయి గాని, అవి సాధారణంగా వారి కొత్త ఖాతాలకు చెందవు. తమ వ్యాఖ్యను తాము దిద్దుకోలేరు, ఎవరైనా బదులిస్తే వారికి కబురు అందదు. ఇన్నేళ్ళు రాసిన మనిషికి తన మాటలు తన చేతిలో లేకుండా మరోచోట కనిపించడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఈ మార్గం ఎంచుకుంటే ముందుగా వారిని అడిగి తీరాలి.

సొంత సర్వర్ నడపడం గురించి మీరు ఒక వాక్యంలో ప్రస్తావించారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులైన డెబియన్, గ్నోమ్ 2018లోనూ, కేడీఈ 2020లోనూ సొంత సర్వర్‌పై నడిపే గిట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోకి మారాయి. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ అయిన స్వేచ్ఛ వారు కూడా సొంతంగా గిట్‌ల్యాబ్ నడుపుతున్నారు. ఆ ప్రాజెక్టులకు సర్వర్ల బాధ్యత చూసే మనుషులు ఉన్నారు. మీకు ఇప్పుడు అలాంటివారు లేరు. రాత్రి రెండింటికి డిస్కు నిండితే లేవవలసింది మీరొక్కరే అయినప్పుడు ఈ మార్గం నేను సూచించలేను.

నా మొగ్గు రెండోదాని వైపు, అదీ ఒక్కసారిగా కాకుండా. పైథాన్ భాషే 2017 ఫిబ్రవరిలో కోడ్‌ను గిట్‌హబ్‌కు మార్చి, ఇష్యూలను 2022 ఏప్రిల్ వరకు పాత ట్రాకర్‌లోనే కొనసాగించింది. ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే సాధనాల ప్రాజెక్టు ఎల్‌ఎల్‌వీఎం కోడ్ 2019లో మారింది, దోషాల జాబితా 2021 చివరలో, సమీక్షలు 2023లో మారాయి. కోడ్, చర్చ ఒకే రోజు ప్రయాణించాలనే నియమం ఎక్కడా లేదు. మాస్టార్లతో సంబంధం తక్కువగా ఉన్న లైబ్రరీని ముందు మార్చి రెండు, మూడు నెలలు చూడండి. దాన్ని పైథాన్ లైబ్రరీలు పంచే పైపీఐకి టోకెన్ (రహస్య సంకేతం) లేకుండా విడుదల చేసే ఏర్పాటు వాడుతున్నారేమో గమనించండి, అది కొన్ని సేవలతో మాత్రమే పనిచేస్తుంది. పరీక్షలను నడిపే ఫైళ్ళు కూడా కొత్తచోట యథాతథంగా నడవకపోవచ్చు. ఈ రెండూ ముందే సరిచూసుకోవాలి. తరువాత యాప్. అది స్వేచ్ఛా యాప్‌లు అందించే ఎఫ్-డ్రాయిడ్‌లో ఉందన్నారు కదా, అక్కడి వివరాల ఫైలులో రిపాజిటరీ చిరునామాను మార్చమని కోరకపోతే, వారు పాతచోటనే కొత్త ట్యాగుల కోసం వెతుకుతూ ఉంటారు, మీ వాడుకరులకు కొత్త వెర్షన్లు అందవు. పదజాబితాను చివరకు ఉంచండి.

కోడ్‌బర్గ్ విరాళాలతో, స్వచ్ఛందంగా పనిచేసేవారి శ్రమతో నడుస్తుంది. పెద్ద కంపెనీకి ఉన్నన్ని సర్వర్లు దానికి లేవు. అక్కడికి వెళ్ళాక మీలో కొందరైనా ఆ సంఘంలో సభ్యులుగా చేరితే బాగుంటుంది.

మాస్టార్ల విషయంలో ఊహాగానాలు వద్దు. వారిలో ఇద్దరికి ఫోన్ చేసి, కోడ్‌బర్గ్‌లో ఖాతా తెరిచి ఒక ఇష్యూ రాసి చూడమని అడగండి, వారు రాస్తున్నంతసేపూ మీరు లైన్‌లో ఉండండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. వారికి అది సులభంగా ఉంటే అన్న అభ్యంతరానికి జవాబు దొరికినట్టే, కష్టమైతే ఆయన చెప్పింది నిజమని మీకే తెలుస్తుంది. అప్పుడు కూడా, వారు ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపినదాన్ని బృందంలో ఒకరు ఇష్యూగా ఎక్కించే పద్ధతి పెట్టుకోవచ్చు. అయితే ఆ పని ఎవరిదో పేరుతో సహా నిర్ణయించాలి, లేకపోతే నెల తిరగకుండా ఆగిపోతుంది.

ఇప్పుడు అన్న సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అనిపించింది, మీ ఇద్దరి మధ్య వచ్చిన తగవు కోడ్‌బర్గ్ రాకముందే మొదలైందని. రెండేళ్ళుగా పని చేస్తున్నది మీరు, తాళాలు ఉన్నది ఆయన దగ్గర. ఆయనకు పని తగ్గిపోయిందన్న బాధ ఉండవచ్చు, మీకు ప్రతి అనుమతికీ అడగవలసి వస్తోందన్న విసుగు ఉంది. ఆ రాత్రి మీరు నకలు చేసినప్పుడు ఆయనకు వినిపించింది, ఈ ప్రాజెక్టుకు నువ్వు అక్కరలేదన్న మాట. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

బృందంలో కాక విడిగా ఫోన్ చేయండి. ముందుగా విద్యార్థుల కమిట్లను పాతచోటికి తెచ్చిన సంగతి చెప్పి, అడగకుండా ప్రకటించినందుకు క్షమాపణ కోరండి. మారాలనుకున్నందుకు క్షమాపణ అవసరం లేదు. తరువాత, ఎక్కడ ఉండాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, సంస్థ ఖాతాకు మరో ఇద్దరు యజమానులు ఉండాలన్న విషయం మాట్లాడండి. ఆయన ఫోన్ పోయి లాగిన్ కాలేకపోయినా, ఆరోగ్యం బాగాలేకపోయినా మూడు రిపాజిటరీలూ ఆగిపోతాయి. ఇది ఏ సేవలో ఉన్నా వర్తించేదే కనుక ఒప్పుకోవడం ఆయనకు సులభం. పెద్ద మార్పులను ఎవరు, ఎంత గడువు ఇచ్చి, ఎలా నిర్ణయిస్తారో అరపేజీలో రాసి రిపాజిటరీలో పెట్టండి. తరలింపు ప్రతిపాదనను ఆ పద్ధతి ప్రకారమే మళ్ళీ తీసుకురండి, ఓడిపోతే ఒక ఏడాదిపాటు ఎత్తనని మాట ఇవ్వండి.

మారాలని తేలితే, పాత రిపాజిటరీలను తొలగించకుండా, కొత్త చిరునామాను మొదటి పేజీలో రాసి, చదవడానికి మాత్రమే వీలుండేలా ఆర్కైవ్ చేయమని ఆయననే కోరండి. ఖాతా పేరును వదిలేస్తే ఆ పేరుతో మరెవరైనా కొత్త ఖాతా తెరిచి, పాత లింకుల ద్వారా వచ్చేవారికి హానికరమైన కోడ్ అందించే ప్రమాదం ఉంది. ఆ తాళం ఆయన చేతిలో ఉండటం అప్పుడు మీకు మేలే చేస్తుంది.

ఆయన దేనికీ ఒప్పుకోకపోతే? మీ లైసెన్సు జీపీఎల్ (ఎవరైనా వాడి, మార్చి, పంచుకోవచ్చనే స్వేచ్ఛా లైసెన్సు) అన్నారు. దాని నిబంధనలకు లోబడి, రచయితల పేర్లు, కాపీరైట్ ప్రకటనలు అలాగే ఉంచి ఫోర్క్ చేసే, అంటే నకలు తీసుకుని విడిగా కొనసాగించే హక్కు మీకే కాదు, ఎవరికైనా ఉంది. దానికి ఆయన అనుమతి అక్కరలేదు. ఆ హక్కు వాడుకుంటే వచ్చే పరిణామాలు మాత్రం మీరే భరించాలి: మాస్టార్లు రెండు వర్గాలవుతారు, యాప్ వాడేవారికి ఏది అసలైనదో తెలియదు, పైన చెప్పిన గుర్తుల చిక్కు శాశ్వతమవుతుంది. తొమ్మిదేళ్ళ స్నేహం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా అదే దారి అని నిశ్చయించుకుంటే వేరే పేరు పెట్టండి, పాత పేరును ఆయనకు వదిలేయండి. ఆ కబురు మాస్టార్లకు ఏ లింకు ద్వారానో తెలియనివ్వకుండా, ఒక్కొక్కరికీ మీరే ఫోన్ చేసి చెప్పండి. అన్నకు అందరికంటే ముందు చెప్పండి.